ఉత్తరపు తలుపు నీళ్ళు

సున్నపుబావి దగ్గరికి మన నాగులేటిపాడులో ఎవ్వరూ పోరు. పోరంటే పోరు, అంతే. రాతి గుడికి ఉత్తరంగా ప్రహరీ దాటాక, సర్కారు తుమ్మల మధ్యన, గట్టు సగం కూలిపోయి నోరు తెరుచుకుని ఉంటుంది చూడండి, అదే. దాని పక్కనే నేలలో గుండ్రంగా తొలిచిన రాతి కాలవ ఒకటి ఉంటుంది. అది సున్నం నూరిన గానుగ. గానుగ రాయి ఇప్పటికీ అందులోనే ఒక పక్కకి ఒరిగి ఉంది. మేకలు తోలుకునేవాళ్ళు ఎండాకాలంలో పచ్చటాకు దొరక్క అల్లాడుతూ కూడా చుట్టూ తిరిగి పోతారు గానీ, అక్కడి తుమ్మకాయలు మేకల్ని ముట్టనివ్వరు. ఎందుకని అడిగితే ఒకరు పాములంటారు, ఒకరు గట్టు కూలుతుందంటారు. మన ఊళ్ళో పాములు లేని చోటెక్కడుంది? చేలోకి పోవడం మానేశామా?

చేతులు ఆపకండి, మిరపకాయల తొడిమలు తీస్తూనే వినండి. ఆ చేత్తో కళ్ళు మాత్రం తుడుచుకోకండి. ఏమే, నీళ్ళోసుకున్న పిల్లా, గుమ్మంలో కూర్చోకు, ఇటు లోపలికి జరుగు. నీ కోసమే చెబుతున్నాను.

ఇది దీనమ్మ సంగతి. గుడికి ఆనుకుని మూడో ఇల్లు, వేపచెట్టు కింద పెంకుటిల్లు. దీనమ్మ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పలకరిస్తే వందనాలంటుంది, అంతకు మించి అడిగితే తలూపుతుంది. భర్త పోయాడు, ఒక్కతే కూతురు హెప్సిబా, పెళ్ళయి అప్పట్లో పురిటికి పుట్టింటికొచ్చింది, ఆడపిల్లని కన్నది. అయితే ఆ హెప్సిబాకి ముందు దీనమ్మకి ఒక మగపిల్లాడు పుట్టి, బాప్తిస్మం కాకుండానే పోయాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ముందు గుడి సంగతి చెప్పాలి, అది లేకపోతే మిగతాది అర్థం కాదు. పెద్ద కరువులో జనం రాళ్ళు నాకుతున్న రోజుల్లో ఒక దొర వచ్చాడు. ఏ దేశపువాడో, గుడి ముందు రాతి మీద పేరు చెక్కి ఉంది గానీ అది పలకబోతే నాలుక మడత పడుతుంది, అందుకే మనవాళ్ళు పొడుగు దొర అన్నారు. అతను జనానికి గింజలు ఊరికే పెట్టకుండా, గుడి కట్టండి, గింజలు తీసుకోండి అన్నాడు, అలా కట్టించాడు మన రాతి గుడిని. ఇవాళ మీరు పోయి కూర్చుంటున్నారు గానీ దాన్ని ఎప్పుడైనా తేరిపార చూశారా? గోడలన్నీ మన నాపరాయే. ఎంత మందమంటే ప్రసంగం సాగుతుంటే తల్లులు పసిపిల్లల్ని కిటికీ గూట్లో అడ్డంగా పడుకోబెడతారు. కిటికీలు పైకి పోయేకొద్దీ చేతులు జోడించినట్టు మొనదేలి ఉంటాయి. పైన బర్మా టేకు దూలాలు, ఓడని బోర్లించినట్టు కప్పు. పడమర గంట గోపురం, దాని కింద పెద్ద వాకిలి, లోపలికి రాగానే ఎడమ చేతి వైపు రాతి తొట్టి, అదే బాప్తిస్మపు తొట్టి. తూర్పున రంగుటద్దాల కిటికీ. పొద్దున ఆరాధన వేళకి ఎండ అందులోంచి పడి గుడి పొడుగునా ఎర్రగా పాకి సరిగ్గా ఆ తొట్టి దగ్గర ఆగుతుంది. ఆడవాళ్ళు కూర్చునేది ఎడమ వైపు, అంటే ఉత్తరపు గోడ వైపు. ఆ గోడకి, తొట్టి వెనకాలే, ఒక చిన్న తలుపు.

ఆ తలుపు అంత పొట్టిది ఏమిటా అని కొత్తవాళ్ళు అడుగుతారు. పదేళ్ళ పిల్లాడైనా వంగాల్సిందే. పోనీ వంగి బయటికి పోదామా అంటే అవతల మెట్టు లేదు, దారి లేదు, తుమ్మలూ ఆ వెనక బావీ. మనుషులు పోవడానికి కట్టిన తలుపు కాదది. మరెందుకు కట్టినట్టు?

గుడి కడుతున్నప్పుడు అంకమ్మ అనే మనిషి సున్నపు గానుగ దగ్గర పని చేసేది. సున్నం అంటే ఇప్పటిలా సంచుల్లో రాదు. రాయి కాల్చి గుంటలో పోసి నీళ్ళు కొడితే అది బుసబుసమని ఉడుకుతుంది, అందులో చెయ్యి పడితే చర్మం ఉండదు. అది చల్లారాక గానుగలో వేసి, ఇసకా, బెల్లపు నీళ్ళూ, కరక్కాయ నీళ్ళూ పోస్తూ ఎద్దులతో రాయిని తిప్పిస్తారు. అంకమ్మ ఆ రాయి వెనకాల నడుస్తూ అటూ ఇటూ చిందిన సున్నాన్ని కాలితో కాలవలోకి నెట్టేది. ఆగకూడదు. ఆగితే గడ్డకడుతుంది. ఆమెకి చంటిబిడ్డ. గుంట పక్కనున్న తుమ్మకొమ్మకి చీర కట్టి ఉయ్యాల వేసింది, నడుస్తూ నడుస్తూ అటు వచ్చినప్పుడల్లా ఒక ఊపు ఊపి పోయేది.

ఒక రోజు ముడి జారింది.

అంతకంటే చెప్పను. మీలో తల్లులున్నారు.

బిడ్డకి పేరు లేదు. కొత్త గుడి లేచాక మొట్టమొదటి బాప్తిస్మం నీ బిడ్డకే అని దొర మాట ఇచ్చాడట, పేరు అప్పుడే పెడదామని అంకమ్మ మనసులో కూడా ఏదీ అనుకోలేదు. ఇప్పుడు వెళ్ళి దొర కాళ్ళ మీద పడి, అయ్యా నీళ్ళు పోసి ఒక పేరు పెట్టండి, ఏడవడానికైనా పేరు ఉండాలి గదా అంది. దొర చెడ్డవాడు కాదు, అతనూ ఏడ్చాడంటారు. కానీ చనిపోయినవాళ్ళకి బాప్తిస్మం లేదమ్మా, బాప్తిస్మం లేకుండా పేరు పెట్టను అన్నాడు. సమాధుల దొడ్లోకి కూడా రానివ్వలేదు. ఉత్తరపు గోడకి పునాది తీసి ఉంటే దాని అవతల పాతిపెట్టారు. మరి ఆ గుంటలో సున్నం ఏం చేశారంటారా? కరువు రోజులు, గింజల కూలి. పారబోయలేదు. గానుగలో వేశారు. తిప్పడానికి మనిషి కావాలి గదా, మర్నాడు అంకమ్మే వచ్చి నడిచింది. సాయంత్రం దాకా నడిచిందట. ఆ సున్నంతోనే ఉత్తరపు గోడ లేచింది. గోడ పూర్తయిన రోజు ఆమె బావిలో పడింది.

ఆ తర్వాత గుడి ప్రతిష్ఠ జరిగింది, మొదటి బాప్తిస్మం ఉపదేశిగారి మనవడికి పెట్టుకున్నారు. దొర తొట్టి దగ్గర నిలబడి ఈ బిడ్డ పేరేమని అడిగాడు. అతని నోట్లో మాట అయిందో లేదో వెనక గోడలోంచి అదే మాట మళ్ళీ వచ్చింది, ఆడగొంతు, సన్నగా, నీ బిడ్డ పేరేందమ్మా అని. వెర్రితల్లి గోడ వైపు తిరిగి పేరు చెప్పింది. ఆ ఆదివారం నుంచి ఇంట్లో బిడ్డని పేరు పెట్టి పిలిస్తే బిడ్డ పలకలేదు. బావి పలికింది. వానలు పడకముందే ఆ బిడ్డ పోయాడు.

అప్పుడు దొరసాని కల్పించుకుంది. ఆవిడా ఈ ఎండల్లో ఒక బిడ్డని పోగొట్టుకున్న మనిషే. మేస్త్రీలని పిలిచి తొట్టి వెనకాల గోడ తొలిపించి ఆ పొట్టి తలుపు పెట్టించింది. బాప్తిస్మం ఉన్న రోజున ముందుగా ఆ తలుపు తియ్యాలి, తొట్టిలో మొదటి దోసెడు నీళ్ళు బావి వైపు చల్లాలి, తలుపు ముయ్యాలి, ఆ తర్వాతే పేరు అడగాలి. దొర గొణుక్కున్నాడట, అయినా ఒప్పుకున్నాడు. తలుపు తీసే మనిషి మాత్రం బిడ్డని పోగొట్టుకున్న తల్లి అయి ఉండాలి. వాటినే ఉత్తరపు తలుపు నీళ్ళంటాం. అందుకే మన పల్లెలో బాప్తిస్మం దాకా పిల్లల పేరు పైకి అనం, బుజ్జి అంటాం, చిట్టి అంటాం, తల్లి మనసులోనే దాచుకుంటుంది. అప్పటినుంచి మళ్ళీ ఏ బిడ్డకీ ఏమీ కాలేదు. ముసలామె ఒకరు పోతే ఇంకొకరు, అలా ఆ తలుపు గొళ్ళెం చివరికి దీనమ్మ చేతికొచ్చింది. బాప్తిస్మం కాని తన పిల్లాణ్ణీ ఆ గోడ అవతలే పాతిపెట్టారు గదా, నీళ్ళు చల్లినప్పుడల్లా వాడికీ ఒక చుక్క పడుతుందనుకునేది.

ఇంతవరకూ బాగానే ఉంది. గుడి కట్టి ఇన్నేళ్ళయిందని పండగ చేద్దామని కమిటీ వేశారు. కమిటీకి పెద్ద బర్నబాసుగారు. హెడ్మాస్టరు చేసి దిగాడు, ఇప్పటికీ చేతిలో బెత్తం ఉన్నట్టే నడుస్తాడు. గుడికి రంగులు వేయించాడు, నేలకి టైల్సు వేయించాడు, ఆఖరికి ఏసీ మిషన్లు కూడా పెట్టించాడు. చందాలిచ్చినవాళ్ళ పేర్లు నల్ల గ్రానైటు పలక మీద చెక్కించి, అది ఎక్కడ పెట్టాలా అని చూసి చూసి, తొట్టి వెనకాల ఆ పొట్టి తలుపు అనవసరంగా ఉందని తలుపు ఊడదీసి, ఇటుకా సిమెంటూ పెట్టి మూసి, దాని మీద పలక బిగించమన్నాడు.

దీనమ్మ అప్పుడు గుడి ఊడుస్తోంది. చీపురు కింద పెట్టి దగ్గరికి పోయింది.

"ఆ తలుపు ముయ్యొద్దండి," అంది.

"ఎందుకమ్మా?"

"ముయ్యొద్దండి."

బర్నబాసుగారు నవ్వాడు. "చూశారటయ్యా, దీనమ్మ ఏడాదికో మాట మాట్లాడుతుంది, ఈ ఏటి మాట అయిపోయింది," అని పక్కవాళ్ళని నవ్వించాడు. "చల్లదనమంతా ఆ కంతలోంచి పోతుంది తల్లీ, కరెంటు బిల్లు నువ్వు కడతావా? అయినా రక్షణ పొందిన మనకి దెయ్యాలేమిటి?"

దీనమ్మ మళ్ళీ చీపురు అందుకుంది. ఇంకో మాట అని ఉంటే బాగుండేదా అంటే, అన్నా విననివాడికి ఎంత చెబితే మాత్రం ఏం?

తలుపు మూశాక మొదటి బాప్తిస్మం ఎవరిదనుకున్నారు? హెప్సిబా బిడ్డది. దీనమ్మ కొత్త పాస్టరుగారి దగ్గరికి పోయి, మొదటి దోసెడు కనీసం గోడ మొదట్లోనైనా పొయ్యండి అయ్యగారూ అని అడిగింది. పాస్టరుగారు కుర్రవాడు, మెత్తనివాడు. ఇవి మన విశ్వాసానికి తగవమ్మా, బిడ్డ దేవుని చేతుల్లో ఉంది, మీరు భయపడకండి అన్నాడు. సరేనని వచ్చేసింది.

ఆదివారం పొద్దున, గుడి నిండా జనం, ఎర్రటి ఎండ పాకి తొట్టి దగ్గరికి వచ్చి ఆగింది. హెప్సిబా బిడ్డనెత్తుకుని నిలబడింది. దీనమ్మ ఆమె వెనకే, వీపు పలకకి ఆన్చి నిలబడింది, తలుపు లేకపోతే నేనే తలుపునవుతాను అన్నట్టు. పాస్టరుగారు నీళ్ళలో చెయ్యి ముంచి ఈ బిడ్డ పేరేమి అని అడిగాడు. దీనమ్మ వీపుకి గ్రానైటు చల్లగా తగలడం మానేసి వేడిగా తగిలింది. ఆ వేడిలోంచి, ఆమె భుజం మీదుగా, చెవి పక్కనుంచి, "నీ బిడ్డ పేరేందమ్మా?" అని వచ్చింది.

హెప్సిబా తల్లి వైపు చూసింది. అమ్మే అడిగిందనుకుంది పాపం. పాస్టరుగారి వైపు కాకుండా గోడ వైపు తిరిగి, నవ్వుతూ, "జెమీమా," అని చెప్పింది.

మిగతా జనం మైకు కీచుమందనుకున్నారు. పాస్టరుగారు నీళ్ళు పోశాడు, అందరూ ఆమెన్ అన్నారు. బయట పందిట్లో భోజనాలు. బిడ్డ నెత్తిన నీళ్ళు పడినా ఏడవలేదు, ఎంత నెమ్మదైన పిల్లో అని అందరూ ముద్దు చేశారు.

సాయంత్రం దీపాలవేళ హెప్సిబా గుమ్మంలో కూర్చుని బిడ్డని ఒళ్ళో వేసుకుని పిలిచింది, ఇన్నాళ్ళూ లోపలే దాచుకున్న పేరు గదా, నోరారా పిలుచుకుందామని. "జెమీమా!"

"ఊఁ" అని వినపడింది.

బిడ్డ పెదవులు కదల్లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, పైకి చూస్తూ. ఆ ఊఁ అన్నది గుడి వెనకనుంచి, తుమ్మల్లోంచి వచ్చింది. లోతుగా, నీళ్ళ మీద నుంచి వచ్చినట్టు వచ్చింది. హెప్సిబా మళ్ళీ పిలవబోతే దీనమ్మ పొయ్యి దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చి కూతురి నోరు చేత్తో మూసింది.

ఇక ఆ పిల్ల పాలు ముట్టలేదు. ఏడుపు లేదు, కదలిక లేదు, పిలిస్తే చూపు తిరగదు. పట్నం ఆసుపత్రికి తీసుకుపోతే అన్ని పరీక్షలూ చేసి ఏమీ లేదన్నారు, చెవులు బాగున్నాయన్నారు. ఇంటికి తెచ్చాక దీనమ్మ పెదవులు తుడవబోతే గుడ్డకి తెల్లగా అంటింది. నాలుక మీద పెట్టుకు చూసింది. సున్నం. తుడిస్తే పోతుంది, మళ్ళీ చూసేసరికి ఉంటుంది. హెప్సిబా అయితే మతి పోయినట్టు మూల కూర్చుని, నేనే చెప్పానమ్మా, నా నోటితో నేనే చెప్పాను అని ఊగుతోంది.

దీనమ్మ బర్నబాసుగారింటికి పోయి పలక తీయించండి అంది. ఆయన ఈసారి నవ్వలేదు. "బిషపుగారు ప్రార్థన చేసి ఆవిష్కరించిన పలకమ్మా అది, ఊరంతటి పేర్లు ఉన్నాయి, ఎలా పగలగొట్టమంటావు?" అన్నాడు. పేర్లు. దీనమ్మ ఆ మాట పట్టుకుని ఇంటిదాకా వచ్చింది.

వచ్చి, మిట్టమధ్యాహ్నం, కాకి కూడా తిరగని ఎండలో, గుళ్ళోకి పోయి తొట్టిలో మిగిలిన నీళ్ళు చెంబుతో ముంచుకుంది. ఇంటి గుమ్మంలోంచి కూతురితో, నేను వచ్చేదాకా బిడ్డని పేరు పెట్టి పిలవకు అని చెప్పి, చెప్పులు ప్రహరీ గోడ దగ్గర విడిచి, తుమ్మల్లోకి పోయింది. అక్కడ జరిగింది తర్వాత కూతురికి చెప్పిన నాలుగు ముక్కల్లోంచి మనకి తెలిసిందే, అంతకు మించి ఎవరూ చూడలేదు.

పోతుంటే ముందు చప్పుడు వినపడిందట. రాతి మీద రాయి దొర్లే చప్పుడు. గానుగ తిరుగుతోంది. ఎద్దులు లేవు, కాడి లేదు, ఒరిగి ఉండే ఆ రాయి నిలువుగా లేచి కాలవలో తనంతట తాను దొర్లుతోంది. దాని వెనకాల ఒక ఆడమనిషి నడుస్తోంది. వీపే కనపడుతోంది. తడిసిన జుట్టు, మోకాళ్ళ దాకా తెల్లటి కాళ్ళు, ఒక కాలితో ఏదో లోపలికి నెట్టుకుంటూ నడుస్తోంది. చంకలో మూట.

దీనమ్మ చెంబులో నీళ్ళు బావిలో పోసింది. గానుగ ఆగలేదు.

"నీళ్ళు శానా పోశారమ్మా," అంది ఆ మనిషి వెనక్కి తిరక్కుండా. "నీళ్ళకేం కొదవ. నేనుండేదే నీళ్ళల్లో."

"ఆగు," అంది దీనమ్మ.

"ఆగితే గడ్డకడుతుంది."

అందుకని దీనమ్మే వెనక నడిచిందట. ఆ కాలవ చుట్టూ, ఆమె అడుగుల్లో అడుగు వేస్తూ. ఆ అడుగులు తెల్లగా ఉన్నాయి, తొక్కుతుంటే అరికాళ్ళు మండుతున్నాయి. అలా ఎంతసేపు నడిచిందో తనకే తెలీదు. నడుస్తుంటే ఆ చంకలో మూట కదిలి ఊఁ అంది, అది జెమీమా గొంతే. దీనమ్మ చెయ్యి చాపింది.

"మా పిల్లని వదులమ్మా."

"వదిలితే నా బిడ్డని ఏమని పిలుచుకోను?"

దీనమ్మకి అప్పుడు తెలిసింది. దొరసాని దగ్గర్నుంచి తన దాకా అందరూ నీళ్ళు ఇచ్చారు గానీ, ఈ మనిషి అడిగింది ఏ ఒక్కరూ ఇవ్వలేదు. ఊరివాళ్ళు పలక నిండా పేర్లు చెక్కించుకున్నారు, ఈ బిడ్డకి ఒక్కటి లేదు. అయితే ఎక్కడినుంచి తెచ్చివ్వాలి? ఊరికే నోటికొచ్చిన పేరు చెబితే తీసుకుంటుందా? తల్లి మనసులో దాచుకున్న పేరే కావాలి దానికి, ఇంతవరకూ ఎవరి చెవినా పడని పేరు.

అలాంటి పేరు దీనమ్మ దగ్గర ఒకటి ఉంది. పోయిన తన పిల్లాడికి పెడదామనుకున్న పేరు. భర్తకి కూడా చెప్పలేదు, ఆచారం గదా. చెప్పే రోజు రాకుండానే వాడు పోయాడు. రోజూ దీపం పెట్టేవేళ ఒక్కసారి లోపల అనుకునేది, అంతే. వాడి ముఖం కూడా సరిగ్గా గుర్తులేదు, వాడిదని మిగిలింది అదొక్కటే.

"నీ బిడ్డ పేరేందమ్మా?" అని అడిగింది ఆ మనిషి. ఈసారి గట్టిగా కాదు, ఇరుగుపొరుగు తల్లి అడిగినట్టు అడిగింది.

దీనమ్మ చెప్పింది.

గానుగ ఆగింది. ఆ మనిషి వెనక్కి తిరిగింది. ముఖం ఎలా ఉందని కూతురు ఎన్నిసార్లు అడిగినా దీనమ్మ ఇప్పటికీ చెప్పలేదు.

గోడ దగ్గరికి వచ్చేసరికి ఇంట్లోంచి బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్న ఏడుపు వినపడింది. పరిగెత్తింది. అరికాళ్ళ చర్మం ఊడి వస్తున్నా తెలియలేదు. హెప్సిబా పాలిస్తోంది, పిల్ల ఆబగా తాగుతోంది. జెమీమా అని పిలిస్తే తాగడం మాని తలతిప్పి చూసింది. తల్లీకూతుళ్ళిద్దరూ ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు. కాళ్ళకి వెన్న రాస్తూ హెప్సిబా అడిగింది, దానికి ఏం చెప్పావమ్మా అని.

"పేరు చెప్పాను."

"ఎవరి పేరు?"

"మీ అన్నది."

"అన్నకి పేరుందా? ఏం పేరమ్మా?"

దీనమ్మ నోరు తెరిచింది. ఆ పేరు నోటికి రాలేదు. లేదు. ఎంత వెతుక్కున్నా లేదు. మొదటి అక్షరం కూడా లేదు. ఇన్నేళ్ళూ పెట్టెలో దాచినది పెట్టె తెరిస్తే లేకపోయినట్టు, ఆ చోటు నున్నగా, తెల్లగా, వెల్ల వేసిన గోడలా ఉందట.

ఆ తర్వాత బర్నబాసుగారి పలక నిలువునా పగిలింది, చీలిక సరిగ్గా ఆయన పేరు మధ్యగానే పోయింది. సిమెంటు ఉబ్బిందన్నాడు. ఉబ్బిందేమో మరి. అయితే సొంత మనవడి బాప్తిస్మం దగ్గర పడేసరికి తనే కూలీల్ని పెట్టి ఇటుకలు తీయించి తలుపు మళ్ళీ పెట్టించాడు. దీనమ్మ ఇంటి ముందు కండువా చేత్తో పట్టుకుని నిలబడి, "అమ్మా, నువ్వే వచ్చి తియ్యాలి," అన్నాడు. వెళ్ళింది. తీసింది. నీళ్ళు చల్లింది. తలుపు మూసింది. ఇప్పుడు ఆ తలుపులోంచి ఎవరూ ఎవరి పేరూ అడగరు.

మరింకేం, అంతా బాగైంది గదా, బావి దగ్గరికి పోతే ఏమవుతుంది అంటారా?

సాయంత్రం పూట గాలి అటునుంచి ఇటు తిరిగినప్పుడు మీరూ విన్నారు గదా. విన్నారు, నాకు తెలుసు, అందరూ మిరపకాయల్లోకి తలలు దించుకుంటున్నారు. చీకటి పడింది, అన్నానికి రారా అని ఒక తల్లి పిల్లాణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది. ఊరందరికీ వినపడుతుంది. ఆ పేరు మన ఊళ్ళో ఇక ఏ పిల్లాడికీ పెట్టం, నోటితో అనం, నేను కూడా ఇప్పుడు అనను. దీనమ్మ ఆ వేళకి గుమ్మంలోకి వచ్చి చెవి ఒగ్గి కూర్చుంటుంది. ఆమెకి రారా అన్నది వినపడుతుంది. దాని ముందు మాట వినపడదు. ఏమని పిలుస్తోందే అని కూతుర్ని అడుగుతుంది. హెప్సిబా ఒక్కతే, తల్లి కోసం, ఆ పేరు పైకి చెబుతుంది. పెదవులు కదలడం చూస్తుంది తప్ప దీనమ్మకి ఆ పేరు చెవిన పడదు. మర్నాడు మళ్ళీ అడుగుతుంది.

సరే, అది ఆమె బాధ. మనకి సంబంధించింది వేరే ఉంది. ఆ గానుగ చుట్టూ సున్నపు అడుగులు ఉంటాయి, పెద్దవాటి పక్కనే చిన్నవి. వానకి పోయి ఎండకి మళ్ళీ వస్తాయి. మొదట్లో అరచేతిలో ఇమిడేంత ఉండేవి. ఏటేటా కాస్త పెద్దవవుతున్నాయి. ఇప్పుడు బడికి పోయే పిల్లాడి పాదమంత ఉన్నాయి. పేరొచ్చాక పిల్లాడు ఎదగడం మొదలుపెట్టాడు. ఎదిగే పిల్లాడు ఒక్కడే ఎంతకాలం ఆడుకుంటాడు? మొన్న మన జెమీమా ప్రహరీ గోడ దగ్గర నిలబడి అవతలికి ఎవరితోనో మాట్లాడుతుంటే దీనమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఎవరే అంటే, మామయ్య, గోడ దాటి రమ్మంటున్నాడు అందట.

అందుకే చెబుతున్నాను. నువ్వు, పిల్లా, మనసులో ఏం పేరు అనుకున్నావో నాకు కూడా చెప్పకు. మిగతావాళ్ళు మీ పిల్లల్ని అటు పోనివ్వకండి. మేక పోతే మేక పోయిందనుకోండి, బంతి పడితే ఇంకో బంతి కొనివ్వండి. నీళ్ళు కావాలంటే గుడి ముందు చేతిపంపు ఉంది. కాస్త ఉప్పగా ఉంటాయి, అంతే.